ప్రాగ్‌లో రెండేళ్ళు

“ఇదేనా అల్లుడూ, నువ్వు రెండేళ్ళున్న ఇల్లు?”

మామగారు పుల్లారావు అలా అడిగేసరికి తరుణ్ దిక్కులు చూశాడు. ప్రాగ్ నగరంలో దిగి నాలుగు గంటలయింది. కోట చూపిస్తానని మామగారినీ, భార్య కీర్తినీ ట్రాం ఎక్కించి, తీరా ఎదురు దిక్కున ఊరి చివర దించాడు. కోటా లేదు, గోపురమూ లేదు. వరసగా అపార్ట్‌మెంట్లు. తప్పు ట్రాం ఎక్కామని చెప్పుకోలేక, “ముందు నేనున్న చోటు చూపిద్దామని…” అనేశాడు.

“ఇదే మామయ్యా. ఆ మూడో అంతస్తు.”

ఆ బాల్కనీలో ఎవరో ముసలామె బట్టలు ఆరేస్తోంది. పుల్లారావు చెయ్యి ఊపాడు. పాపం, ఆమె కూడా ఊపింది.

“మీ ఓనరమ్మ గుర్తుపట్టిందయ్యో!” అని ఆయన మురిసిపోయి, అక్కడికక్కడే గురజాలలో ఉన్న అక్క బసవమ్మకి వీడియో కాల్ కలిపాడు. “అక్కా, చూడు. మనోడున్న ఇల్లు ఇదే. ఆ బట్టలారేసే ఆమే ఓనరు.”

తరుణ్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అతను రెండేళ్ళున్న పరాయి ఊరు చెన్నై. అక్కడి ఓనరమ్మ చెయ్యి ఊపడం మాట అటుంచి, అతన్ని చూస్తే తలుపేసుకునేది.

నాలుగేళ్ళ కిందట, పెళ్ళిచూపుల్లో బసవమ్మ అడిగింది. “రెండేళ్ళు ప్రాగ్‌లో ఉజ్జోగం చేశావంటగా నాయనా?” తన బయోడేటాలో అలాంటి ముక్క ఉందని అతనికి తెలిసింది ఆ క్షణమే. సంబంధం తెచ్చిన పెళ్ళిళ్ళ పేరయ్య కల్పనే అనుకున్నాడు. ఆ ఇంట్లో బసవమ్మ మాటకి తిరుగులేదు. విదేశం చూడని వాడికి మేనకోడలినిచ్చేది లేదని ఆమె పట్టు. కాదని చెబుదామనే నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే కీర్తి తలెత్తి చూసింది.

“అవునండీ” అన్నాడు.

పెళ్ళయ్యాకయినా కీర్తితో చెప్పేయాల్సింది. ఆమె స్నేహితులందరికీ ఆ సంగతే గొప్పగా చెప్పుకుంటుంటే నోరు రాలేదు. ఇప్పుడు చెబితే ఇక తన మాట దేన్నయినా నమ్ముతుందా? అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇతగాడిది నాలుగేళ్ళుగా అతుకులు వేయడంతోనే సరిపోయింది. ఈ మధ్య బసవమ్మ, “ఆ ఊరి కబురు ఒక్కటీ చెప్పడేందిరా మీ అల్లుడు?” అందట. మరుసటి వారమే పుల్లారావు ముగ్గురికీ టికెట్లు కొనేశాడు.

రెండో రోజు పాత బజారులో పెద్ద గడియారం దగ్గరికి వెళ్ళారు. పొద్దున హోటల్ బాత్రూంలో గంటసేపు కూర్చుని ఫోన్లో బట్టీపట్టిందంతా తరుణ్ అక్కడ అప్పజెప్పాడు. గంట కొట్టింది. పైన కిటికీల్లో బొమ్మలు ఒకదాని వెనక ఒకటి కదిలాయి. అందరికంటే ఎక్కువగా నోరు తెరుచుకుని చూసింది అతనే.

“ఎన్నిసార్లు చూసుంటారో కదండీ!” అంది కీర్తి.

“లెక్కలేదు” అన్నాడు. అంతలో బసవమ్మ ఫోన్లో ప్రత్యక్షమైంది.

“ఏం నాయనా, రెండేళ్ళు అక్కడ ఏం తిని బతికావయ్యా?”

తరుణ్ బుర్రలో ఇడ్లీ సాంబారు తప్ప ఇంకేదీ మెదల్లేదు. ఈలోగా పుల్లారావు, “అక్కా, సిగ్నల్ పోతంది, మళ్ళీ చేస్తా” అని ఫోన్ కట్టేశాడు. కోటప్పకొండ స్వామే కాపాడాడనుకుని తరుణ్ చెమట తుడుచుకున్నాడు.

మూడో రోజు నది మీది రాతి వంతెన ఎక్కారు. అటూ ఇటూ విగ్రహాలే.

“మన దుర్గి శిల్పుల్ని తెస్తే ఇంతకంటే నున్నగా చెక్కుతారు” అని పెదవి విరిచాడు పుల్లారావు. “అది సరే, ఇదెవురు అల్లుడూ?”

తరుణ్ బట్టీపట్టింది నాలుగు పేర్లు. విగ్రహాలు ముప్పై. అయిదో దానికి మళ్ళీ మొదటి పేరే చెప్పాడు. పుల్లారావు అలాగా అన్నట్టు తలూపాడు. ఆ తలూపడం తరుణ్ చూడలేకపోయాడు. ఇంతగా నమ్మే మనిషినా తను మోసం చేస్తున్నది? తన మీద తనకే అసహ్యం వేసింది. కీర్తి దూరంగా ఫోటోలు తీసుకుంటోంది. ఇక ఏమైతే అదే అయిందనుకున్నాడు.

“మామయ్యా, మీరు నన్ను కొట్టినా సరే. ఈ ఊరికి నేను రావడం ఇదే మొదటిసారి. బయోడేటాలో ఉన్నదంతా అబద్ధం.”

పుల్లారావు ముందు కూతురి వంక చూశాడు. తర్వాత చేతిలో ఉన్న ఫోన్ ఆఫ్ అయిందో లేదో చూసుకున్నాడు. అల్లుడి భుజం మీద చెయ్యి వేసి, పిట్టగోడ పక్కకి తీసుకెళ్ళాడు.

“మెల్లగా అనవయ్యా… మా అక్క ఒప్పుకోదని పేరయ్య చేత ఆ రెండేళ్ళ ముక్క రాయించింది నేనే!”