ఆహిరి మహిమ

“నీ హంతకుడు ఇప్పుడే విస్తరి ముందు నుంచి లేచినట్టున్నాడయ్యా!”

ఫోన్ స్పీకర్లో దర్శకుడు యుగంధర్ మాటకి హరిచరణ్ గతుక్కుమన్నాడు. పక్కనే ఉన్న భార్య కౌముది నాలిక కరుచుకుంది.

ఎనభై ఏళ్ళ కిందట ఒక దివాణంలో జరిగిన హత్య కథ ఆ సినిమా. హంతకుడు తిండీ నీళ్ళూ లేకుండా మూడు రోజులు అటక మీద నక్కినవాడు. వాడికి హరిచరణ్ కట్టిన నేపథ్య సంగీతం మాత్రం కడుపు నిండినట్టు ఉంది.

“ఆకలి వినపడాలి. సాయంత్రం బండికి ఆమదాలవలసలో దిగుతాను. అప్పటికీ నీ వీణ ఇలా త్రేనుస్తుంటే వేరేవాళ్ళని చూసుకుంటాను.”

మొదటి సినిమా. పైగా కొత్తల్లుడు. అరసవల్లిలో అత్తగారు పూటకో పిండివంట వడ్డిస్తుంటే ఆకలి ఎక్కణ్ణించి వస్తుంది?

పెట్టెలోంచి వీణ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. “ఇవాళ ఆహిరి రాగం ఎత్తుకుంటాను.”

“వద్దు బావా! ఆహిరి ముట్టుకుంటే ఆ రోజు అన్నం దొరకదంటారు మా నాన్న,” అంది కౌముది, పెట్టె అడ్డమని వంటింటి గుమ్మం పక్కకి లాగుతూ.

“ఏటే, సదువుకున్నదానివేనా?”

మీటాడు.

టిఫిన్‌కని చెయ్యి కడుక్కునేసరికి వంటింట్లోంచి కౌముది కేక. “దిక్కుమాలిన పిల్లి! ఇడ్లీల్లో మూతెట్టేసినాది. పారబోసేసినాను.”

అత్తమామలు తెల్లారే పలాస పెళ్ళికి వెళ్తూ మధ్యాహ్నానికి కూడా వండిపెట్టారు. ఆశగా పీట వేసుకున్నాడు. పనసపొట్టు కూర, పులుసు ఎండకి పాసిపోయాయట. మళ్ళీ వండుదామంటే గ్యాస్ అయిపోయిందట.

“సెప్పానా? వినవు కదా!”

హోటల్‌కి పోదామంటే స్కూటర్ తాళం కనిపించలేదు. నడిచి వెళ్ళొస్తే బాణీ పూర్తవదు.

కడుపు కాలుతుంటే వీణ ముందు కూలబడ్డాడు. గుమ్మం పక్క పెట్టె చుట్టూ చీమలు బారు కట్టాయి. తదేకంగా చూశాడు. వేళ్ళు వాటి నడకని అందుకున్నాయి. హంతకుడు అటక దిగే అడుగులు దొరికాయి! మంద్రంలో తీగ లాగితే పేగు అరిచినట్టు మోగింది.

కౌముది చీరకొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు కదులుతున్నాయి.

“ఏడవకే. నాకేటీ అవదు.”

సాయంత్రం యుగంధర్ కళ్ళు మూసుకుని విన్నాడు.

“సినిమా నీదేనయ్యా. ఇంత ఆకలి ఎక్కణ్ణించి పట్టుకొచ్చావు?”

“ఆహిరి మహిమండీ,” అన్నాడు హరిచరణ్ నీరసంగా.

“అయితే లే బావా, తిందాం,” అంటూ కౌముది వీణపెట్టె మూత తీసి, ఇడ్లీల గిన్నె, పనసపొట్టు కూర, పులుసు ఒక్కొక్కటే బయటపెట్టి, అడుగునున్న స్కూటర్ తాళం అతని చేతిలో పెట్టింది.