గిన్నెలో మిగిలింది

జుర్రుమని చప్పుడైంది.

హజరత్తయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు.

పక్కన కూర్చున్న ఎండుచేపల ముసలమ్మ ప్రభువు బల్ల గిన్నెను రెండు చేతులా ఎత్తి, చివరి చుక్క దాకా జుర్రేసింది. అంతటితో ఆగిందా? గిన్నెలో కాసిని నీళ్లు పోసి, వేలితో తిప్పి, అవీ తాగింది.

ఛీ! ఆ వేళ్ల సందుల్లో ఇంకా నెత్తళ్ల పొలుసులు అంటుకునే ఉన్నాయి.

తోటపల్లి గూడూరు దగ్గర ఆ రేకుల మందిరంలో నెలకొకసారి బల్ల, ప్రభువును తలుచుకుని రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. అందరికీ ఒకటే గిన్నె. ముందు వరస నుంచి చేతులు మారుతూ వచ్చి, చివరికి గుమ్మం దగ్గర కూర్చునే హజరత్తయ్యకు అందుతుంది. మిగిలిన ద్రాక్షరసం నేలపాలు చేయకూడదు. సంఘ పెద్ద క్రీస్తురాజు తాగాలి. అది ఆనవాయితీ.

ఈ మహాతల్లి తాగనిస్తేగా!

అందరూ కూర్చున్నాక వస్తుంది. గంప బయట దించి, ఈగల్ని వెంటబెట్టుకొచ్చి, ఆయన పక్కనే చతికిలబడుతుంది. ఆయన తాగడమే ఆలస్యం, గిన్నె లాగేసుకుంటుంది. పరిశుద్ధమైన బల్ల దగ్గర కూడా ఇంత కక్కుర్తా?

మిగతా సంఘమంతా ఆయనకు బంగారమే. టీబీ వచ్చినప్పుడు సొంత తమ్ముడు గడప తొక్కలేదు. వీళ్లు ఇంటికొచ్చి ప్రార్థన చేశారు. గాలి బాగా ఆడుతుందని గుమ్మం దగ్గర చోటిచ్చారు. ఇప్పుడు జబ్బు నయమైంది. అందుకే ఆ ఆదివారం గిన్నె ఖాళీ కాగానే లేచి సాక్ష్యం చెప్పాడు.

"నేను నీళ్లు తాగిన లోటాను నా తోడబుట్టినోడు రొయ్యల గుంటలోకి విసిరేసినాడు. మీరు నాతో ఒకే గిన్నెలో తాగినారు. దేవుడు యాడుండాడని అడిగితే, మీ ముఖాల్లో చూసినా అని చెప్తా."

ఎవరూ హల్లెలూయా అనలేదు. క్రీస్తురాజు తల వంచుకుని బైబిలు పేజీలు తిప్పాడు. పాపం, కన్నీళ్లు ఆపుకుంటున్నాడనుకున్నాడు హజరత్తయ్య.

"ఆమేన్ నాయనా" అంది ముసలమ్మ ఒక్కతే, కొంగుతో మూతి తుడుచుకుంటూ.

గుప్పున నీచు వాసన కొట్టింది. హజరత్తయ్యకు ఒళ్లు మండిపోయింది.

"ఏందవ్వా, నీకు సిగ్గుండాదా? నెలనెలా నా ఎంగిలి కోసం కాచుకోని కూర్చుంటావే! అంత ఆశగా ఉంటే అంగట్లో కొనుక్కోని తాగు. దేవుని సన్నిధిలో ఈ రోత పనులు చెయ్యబాక."



ముసలమ్మ లేచింది. గిన్నె శుభ్రంగా కడిగి, బల్ల మీద బోర్లించి, గంప నెత్తినెత్తుకుని వెళ్లిపోయింది.

పీడ విరగడైందనుకున్నాడు.

మరుసటి నెల బల్లకు ఆమె రాలేదు. తడలో కూతురింటికి పోయిందనీ, ఇక ఈ వైపు రాదనీ ఎవరో చెప్పారు. హజరత్తయ్యకు ప్రాణం హాయిగా ఉంది. ఈగల్లేవు, కంపు లేదు.

గిన్నె వరసలు దాటుకుంటూ వచ్చింది. ఆయన చేతులు చాచాడు.

ముందు కూర్చున్న గిరిబాబు గిన్నెను ఆయనకు ఇవ్వలేదు. క్రీస్తురాజుకు అందించాడు. క్రీస్తురాజు మిగిలింది తాగేసి, హజరత్తయ్య ముందు ఒక కాగితం గ్లాసు పెట్టాడు. అడుగున కాస్త ద్రాక్షరసం.

"ఇదేందన్నా?"

"నీకే, హజరత్తయ్యా."

"నేనూ గిన్నెలోనే గదా తాగేది! జబ్బు పోయిందని డాక్టరు కూడా చెప్పినాడు."

"చెప్పినాడులే. జనం ఒప్పుకోవద్దా?"

"ఇన్నాళ్లూ లేని రోత ఇప్పుడెట్ట వచ్చింది మీకు?"

"అప్పుడూ ఉండింది." క్రీస్తురాజు నేల చూపులు చూశాడు. "నీకు జబ్బని తెలిసిన రోజే, వేరే గ్లాసు పెడదామని సంఘమంతా కూర్చోని అనుకున్నాం. నీ ఎంగిలి మిగిలితే పారబొయ్యకూడదు. తాగేదానికి నాకు మనసు రాలేదు. ఎవరికీ రాలేదు."

హజరత్తయ్య చెయ్యి గ్లాసు మీదే ఆగిపోయింది.

"మరి ఇన్నాళ్లూ గిన్నె ఎట్టిచ్చినారన్నా?"

"'అయినోళ్లు వెలేసిన బిడ్డ, దేవుడింట్లో కూడా వేరు పెట్టబాకండి, ఆ మిగిలింది నేను తాగతా, గిన్నె నేనే కడగతా' అనింది ఆ ముసలమ్మ."