దీర్ఘానికో మెలిక

“చదువు. పైకే చదువు” అంటూ ఎడిటర్ కొత్త సంచికను డిజైనర్ ముందుకు తోశాడు.

అట్ట మీద గాయని నవ్వుతోంది. ఆమె మెడ కింద ఎర్రటి అక్షరాలు. డిజైనర్ చదివింది. “ఆమె గొంతులో కొత్త రాగం.”

“ఇప్పుడు నేను చదువుతా విను. ఆమె గొంతులో కొత్త రోగం.”

“రాగమే సార్. రా దీర్ఘం కొనను ఫిడేలు తలలా పైకి చుట్టాను, అంతే. పాటల పత్రికలో అక్షరం కూడా పాడుతున్నట్టుండాలని, దారిన పోయేవాడు ఆగి చూడాలని మీరే అన్నారు.”

“ఆగే చూస్తున్నారు తల్లీ. చూసి నాకు ఫోన్లు చేస్తున్నారు. ఏం రోగమండీ అని ఒకడు, అంటుకుంటుందా అని ఇంకొకడు.”

“మీకు చూపించాకే కదా సార్ అచ్చుకు పంపింది.”

“నేను బొమ్మ చూశా, రంగు చూశా. అక్షరాలు చూడ్డానికి మీరున్నారనుకున్నా.”

ప్రూఫులు చూసే పెద్దాయన కళ్లజోడు తుడుచుకుంటూ లేచాడు. “నా చేతికొచ్చినప్పుడు మామూలు అక్షరాల్లో శుభ్రంగా రాగమే ఉందండీ. నేను సంతకం పెట్టాక అమ్మాయి దానికి తోక మొలిపించింది. గుణింతాలు వంటబట్టకముందే బడి మానేస్తే దీర్ఘానికీ ఓత్వానికీ తేడా ఏం తెలుస్తుంది?”

“మా పాపకు గుణింతాలు నేనే చెప్తున్నానండీ.”

“అయితే పాపకే చూపించాల్సింది.”

అచ్చుకు పంపేముందే ఆమె పాపకు చూపించింది. ఒకటో తరగతి చదివే కూతురు ఆ కాగితం మీద వేలు పెట్టి ‘రోగం’ అని కూడబలుక్కుంటే, సరిగ్గా చూసి చదవమని నెత్తిన మొట్టింది కూడా.

“తొందరగా చదివితే అలా కనబడుతుందేమో సార్” అని గొణిగింది.

“ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఇప్పుడు చదివేవాళ్ల మీద పెట్టు. గొంతు పట్టేసిందని ఆవిడ ఈ నెల్లో రెండు కచేరీలు మానుకుంది. అసలే జనం చెవులు కొరుక్కుంటున్నారు. ఇప్పుడో ఇంకాసేపటికో వస్తుంది. రాగానే నిన్ను చూపిస్తా. ఆవిడ పోనీలే అంటే ఉంటావు. లేదంటే రేపట్నుంచి రావద్దు.”

బడి వదిలాక పాపను తన బల్ల పక్కనే కూర్చోబెట్టుకోనిచ్చే ఉద్యోగం ఇంకోటి దొరకదని ఆమెకు తెలుసు.

ఫోను మోగింది. ఎడిటర్ విసురుగా తీసి, “అది అచ్చులో పొరపాటండీ” అని మొదలుపెట్టి మధ్యలో ఆగాడు. వింటూ వింటూ కుర్చీలో కూర్చున్నాడు. ఫోను పెట్టేశాక సంచికను చేయి చాచి దూరంగా పట్టుకుని, కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

“బస్టాండు దగ్గర దుకాణంలో అన్నీ అయిపోయాయట. ఇంకో అయిదు వందల కాపీలు పంపమంటున్నాడు.”

“దిద్ది పంపుదాం సార్. పది నిమిషాల పని. ఆ మెలిక తీసేస్తా.”

“తీసేస్తే ఎవడు కొంటాడు? మనం వేసింది రాగమే కదా. చదువు రానివాడు రోగమని చదువుకుంటే మన తప్పా?”

“అమ్మాయి చేతిలో పనితనం ఉందని నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నా” అన్నాడు ప్రూఫుల పెద్దాయన.

“అలాగే ఉంచమ్మా. ఎరుపు మాత్రం ఇంకాస్త పెంచు.”

ఉద్యోగం నిలిచింది. ఆమె ఎరుపు పెంచింది.

అచ్చుకు పంపి తలెత్తేసరికి గుమ్మంలో గాయని ఉంది. మెడ చుట్టూ మఫ్లరు, చేతిలో సంచిక. ఎడిటర్ ఆదరాబాదరా లేచి, “అమ్మా, ఈ అమ్మాయే” అని వేలు చూపించి పక్కకు తప్పుకున్నాడు.

డిజైనర్ లేచి నిలబడింది. “తప్పు నాదేనండీ. మీరు ఎంత తిట్టినా...”

గాయని తిట్టలేదు. స్టూలు లాక్కుని ఆమె పక్కనే కూర్చుంది. సంచికను బల్ల మీద పెట్టి, ఆ ఎర్రటి అక్షరాలను అరచేత్తో కప్పింది. మాట బొంగురుగా, డిజైనర్‌కు మాత్రమే వినబడేటట్టు వచ్చింది.

“రిపోర్టు నిన్న సాయంత్రమే వచ్చింది. ఇంట్లో మా అమ్మకు కూడా ఇంకా చెప్పలేదు. నీకెవరు చెప్పారమ్మా?”