గార్డుగారి పళ్ళ సెట్టు

"మెత్తగా ఉండాలి. ఇంకా మెత్తగా," అంది గార్డమ్మ, బ్రష్షుని బొటనవేలితో నొక్కి చూస్తూ.

మందుల షాపాయన ఇంకో బ్రష్షు తీశాడు. "ఇంతకన్నా మెత్తనిదంటే గోడకి రంగులేసే కుంచె కొనుక్కోవాలండీ."

"పేస్టు వద్దు. గరుకు. సెట్టు మీద గీతలు పడతాయి. నానబెట్టే బిళ్ళలివ్వు. ఆ పుక్కిలించే నీళ్ళు గులాబీ రంగువియ్యి. పచ్చవి ఘాటు, ఆయనకి పడవు."

"పోయినాయనకి ఘాటేంటండీ?"

"ఆయన పోతే ఏం? పళ్ళున్నాయిగా."

షాపాయన అడిగినవన్నీ సంచిలో సర్దాడు.

గార్డుగారు గూడ్సు బండి మీద పనిచేసేవాడు. పొగాకు పుణ్యమా అని యాభై దాటకుండానే నోరు ఖాళీ అయి, సెట్టు కట్టించుకున్నాడు. రెండేళ్ళ కిందట డ్యూటీలో ఉండగానే గుండె ఆగింది. ఆయన నోట్లో ఉన్న సెట్టు ఆయనతోనే వెళ్ళిపోయింది. తర్వాత రైల్వేవాళ్ళు ఆయన డ్యూటీ సంచి తెచ్చిచ్చారు. జెండాలూ ఈలా వాళ్ళే తీసేసుకున్నారు. అడుగున చిన్న డబ్బా, అందులో ఇంకో పళ్ళ సెట్టు. పక్కనే మెత్తటి బ్రష్షూ, బిళ్ళలూ, గులాబీ రంగు నీళ్ళ సీసా. దేనికీ సీలైనా విప్పలేదు.

"లైను మీద ఎప్పుడేమవుతుందోనని ఒకటి అదనంగా దగ్గర పెట్టుకున్నాడు. ముందుచూపు మనిషి," అని వీధి వీధంతా చెప్పింది గార్డమ్మ. "కొనుక్కున్నవి ఒక్క చుక్కయినా వాడుకోలేదు పాపం."

అప్పట్నుంచీ ఆ సెట్టుకి అవే వాడుతోంది. ఇంకో రకం ఊరికే ఇచ్చినా తీసుకోదు. ఆవిడ పళ్ళకి మాత్రం ఉప్పూ చూపుడువేలూ చాలు. ముప్పై రెండూ సొంతవే, ఇప్పటికీ సోడా మూత పంటితోనే లాగుతుంది.

గార్డుగారు ఇంట్లో నవ్విన మనిషి కాదు. సెట్టు కడుక్కోవాలంటే తలుపు గడియ పెట్టుకునేవాడు. కాపురం చేసినన్నాళ్ళూ ఆయన పలువరస ఆవిడ సరిగ్గా చూసిందే లేదు. ఆయన పోయాకే చూసింది. చిన్న చిన్నవి, మల్లెమొగ్గల్లా ఉన్నాయి.

"ఇంత మంచి వరస పెట్టుకుని ఆ మూతిముడుపేంటయ్యా," అని రోజూ తోముతూ దెప్పేది. ఆయన బదులు చెప్పేవాడు కాదు. బతికుండగా మాత్రం చెప్పాడా ఏంటి.

ఆ రోజు పొద్దున్న కోడలు నిద్రమొహంతో పేస్టు కోసం తడిమి, బాత్‌రూములో సెట్టు నానబెట్టిన గ్లాసులో వేళ్ళు ముంచింది.

"అత్తయ్యా, ఇంక నావల్ల కాదు," అంది, చెయ్యి నాలుగోసారి సబ్బుతో రుద్దుకుంటూ. "మామయ్యగారు ఉన్నన్నాళ్ళూ నన్ను చూసి నవ్వింది లేదు. ఇప్పుడు నేను స్నానానికి వెళ్ళినప్పుడల్లా ఇకిలిస్తున్నారు."

"నీ మొహం చూసి నవ్వొచ్చుంటుంది."

"ఆదివారంలోగా బాత్‌రూములోంచి తీయకపోతే చెత్తబుట్టలో పారేస్తాను. మీ అబ్బాయి మీద ఒట్టు."

గార్డమ్మ గ్లాసుని కొంగు చాటున పెట్టుకుంది. "ఆయనదని ఈ ఇంట్లో మిగిలింది ఇదొక్కటేనే. దీన్నీ పారేస్తే నేనెవరితో పోట్లాడుకోవాలి?"

కొడుకు ఎటూ మాట్లాడలేక గడ్డం గీసుకుంటూ అద్దంలోకి చూసి తీర్పు చెప్పాడు. "హాల్లో నాన్న ఫొటో కింద గాజుపెట్టెలో పెడదాం. బాత్‌రూములో వద్దు. కానీ ఆ పగులు అతికించాలి. వచ్చేపోయేవాళ్ళు చూస్తారు."

పగులు మొదట్నుంచీ ఉంది, అంగిలి మధ్యలో వెంట్రుకంత. బండి కుదుపులకి అయ్యుంటుందనుకుంది గార్డమ్మ.

హాల్లో ఫొటో కింద అనేసరికి కోడలు మొహం ఇంకా మాడింది. కానీ బాత్‌రూములోంచి తీయమని ఒట్టేసింది తనే కాబట్టి ఒప్పుకోక తప్పలేదు.

పళ్ళు కట్టిన షాపు పేరూ ఊరూ డబ్బా మూత మీదే అచ్చేసి ఉన్నాయి. గార్డుగారి బండి ఆగే చివరి ఊరు. వారంలో సగం రోజులు ఆయన తిండీ నిద్రా అక్కడ బండి సిబ్బంది బస చేసే రన్నింగ్ రూములోనే. సెలవిచ్చినా పుచ్చుకోకుండా అదే బండి అడిగి ఎక్కేవాడు. డ్యూటీ అంటే అంత ప్రాణం.

శనివారం అత్తాకోడళ్ళిద్దరూ రైలెక్కారు. దారి పొడుగునా డబ్బా గార్డమ్మ ఒళ్ళోనే ఉంది. కోడలు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

షాపు సందులో ఉంది. పళ్ళు కట్టే పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీంచి దింపి, సెట్టుని దీపం కింద పెట్టి చూశాడు.

"ఎవరో గానీ బాగా చూసుకున్నారు. ఒక్క గీత లేదు."

"బ్రష్షు మెత్తనిది," అంది గార్డమ్మ. విన్నావా అన్నట్టు కోడలి వైపు చూసింది. "వేణ్ణీళ్ళు తగలనివ్వను. వంకర పోతుంది."

"అందరికీ అంత ఓపికుండదండీ."

"సొంతమనిషిది కదా. గాజుపెట్టెలో పెడుతున్నాం, పగులు కనబడకుండా అతికించండి." గార్డమ్మ స్టూలు మీద నిటారుగా కూర్చుంది. "గూడ్సు గార్డుగారండీ, పొడుగ్గా, నవ్వకుండా ఉండేవారు. గుర్తున్నారా?"

"నవ్వకపోవడమేంటండీ, ఆ గార్డుగారు పక్కన కూర్చుని నవ్వులూ పరాచికాలూ ఆడుతూ వాళ్ళావిడకి కట్టించిన సెట్టే ఇది, పగిలింది అతికించడానికి తెస్తానని చెప్పి మళ్ళీ కనబడలేదు, ఇంతకీ మీరు ఆయనకేమవుతారమ్మా?" అన్నాడు పెద్దాయన.