అందరికీ ఉండేదే

“మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి జబ్బు ఉందా?” అని అడిగింది డాక్టరు.

పండు నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. “మా ఇంట్లో ఎవరికీ ఏ జబ్బూ లేదండీ. నేను బస్సు కండక్టరుగా చేశాను. ఉద్యోగమంతా నిలబడే గడిపాను. జ్వరం వచ్చినా సెలవు పెట్టి ఎరగను.”

డాక్టరు తలూపి పండు పొత్తికడుపు మీద వేళ్లతో నొక్కింది. ఎడమవైపుకి రాగానే పండు మంచం అంచు గట్టిగా పట్టుకుంది.

“ఎన్నాళ్లుగా?”

“కాలేజీ రోజుల నుంచి. మొదట్లో నెలసరి అప్పుడే వచ్చేది. ఇప్పుడు ఎప్పుడొస్తుందో నాకే తెలియడం లేదు.”

ఇది పండు చూపించుకుంటున్న మొదటి డాక్టరు కాదు. ఒకాయన గ్యాస్ అన్నాడు. ఇంకొకాయన అల్సర్ అని మాత్రలు మింగించాడు. స్కానింగ్‌లో ఏమీ లేదని తేలాక ఒకావిడ, “పెళ్లి చేసెయ్యండి, అదే సర్దుకుంటుంది” అంది. అమ్మ ఆ రోజంతా హుషారుగా ఉంది.

పండు కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేస్తుంది. పేరుకి తగ్గ పనే దొరికిందని తోటివాళ్లు ఆటపట్టిస్తారు. పోయిన వారం మైనంతో ఓ ముందుపన్ను చెక్కుతుంటే నొప్పి వచ్చింది. కళ్లు తెరిచేసరికి బల్ల కింద ఉంది. చుట్టూ చెప్పులూ బూట్లూ. ఎవరో “ఊపిరి ఆడుతోందా?” అంటున్నారు. ఆ మాట విన్నప్పటి నుంచీ పండుకి భయం పట్టుకుంది. లోపల ఏదో పెరుగుతోంది. మందులు మార్చే కొద్దీ అది పెద్దదవుతోంది. ఎవరికీ కనిపించని మూల దాక్కుని ఉంది.

“బొడ్డు దగ్గర చిన్న రంధ్రం చేసి, కెమెరా పెట్టి చూద్దాం. అప్పుడు గానీ తెలియదు” అంది డాక్టరు.

“కడుపు కోస్తారా?” అంది అమ్మ.

ఇంటికి వెళ్లే బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా అమ్మ కూర్చోలేదు. పాత అలవాటు. సంచిని పొట్టకి అదిమి పెట్టుకుని, కడ్డీకి ఆనుకుని నిలబడింది.

“ఇంత దానికి కోతలెందుకే? ఆడపుట్టుక పుట్టాక ఇవన్నీ అందరికీ ఉండేవే.”

“నేను వేషాలు వేస్తున్నాననుకుంటున్నావా?”

“అలా అన్నానా? ఓర్చుకోవడం నేర్చుకోమంటున్నాను.”

“నువ్వు రాయివమ్మా. నీకు ఎలా చెప్పినా అర్థం కాదు.”

అమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. “స్టాపు వచ్చింది. దిగు” అంది.

ఆ వారంలోనే నొప్పి మళ్లీ వచ్చింది. పండు వంటింటి గడప దగ్గర ముడుచుకుపోయింది. అమ్మ వేడినీళ్ల సంచి తెచ్చి, పండు చెప్పకుండానే సరిగ్గా ఆ చోటు మీద పెట్టింది. చిన్న తువ్వాలు మడిచి చేతికిచ్చింది.

“పళ్ల మధ్య పెట్టుకో. అరవకు. అరిస్తే ఇంకా ఎక్కువవుతుంది.”

పక్కింటివాళ్లు వింటారని ఈవిడ బాధ, అనుకుంది పండు. తువ్వాలు కొరుకుతూనే తీర్మానించుకుంది, కెమెరా పెట్టించుకోవాలని.

ఆపరేషన్ రోజు పొద్దున ఆకుపచ్చ గౌను వేసుకుని మంచం మీద పడుకుంటే కాళ్లు మంచులా చల్లబడ్డాయి. అమ్మ దుప్పటి సర్దింది.

“పండూ, లోపల ఏమీ కనిపించకపోతే?”

పండుకి కాన్సర్ అంటారేమోనన్న భయం కంటే పెద్ద భయం అదే. ఏమీ లేదంటే ఇక తన మాట నమ్మేవాళ్లు ఎవరూ ఉండరు. రేపు తనే తనను నమ్మదేమో.

“కనిపించకపోతే నువ్వు గెలిచినట్టు” అంది గోడవైపు తిరిగి.

అమ్మ చెయ్యి దుప్పటి మీదే ఆగిపోయింది. నర్సు వచ్చి మంచాన్ని తోసుకెళ్లింది.

మెలకువ వచ్చేసరికి గొంతు పిడచకట్టి ఉంది. పొట్ట మీద చిన్న చిన్న పట్టీలు. అమ్మ పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. డాక్టరు లోపలికి వచ్చింది.

“ముందు ఒక మాట. కాన్సర్ కాదు.”

పండు కళ్లు మూసుకుంది. మరి ఏమీ లేదంటుందా?

“ఎండోమెట్రియోసిస్ అంటారు. గర్భసంచి లోపల ఉండాల్సిన పొర బయట పెరిగింది. ఎడమ అండాశయం వెళ్లి పేగుకి అతుక్కుపోయింది. స్కానింగ్‌లో చాలాసార్లు దొరకదు. చేతనైనంత వరకు తీసేశాను. మందులు వాడాలి, మళ్లీ రావచ్చు కూడా. కానీ ఇంత పెట్టుకుని ఉద్యోగం ఎలా చేశావమ్మా?”

పండు కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. తుడుచుకోలేదు. అమ్మవైపు తల తిప్పింది. ఆమె ముఖంలో ఓటమి చూడాలనిపించింది.

“నేల మీద పడిపోయి గుడ్డ కొరుక్కుంటున్నా, ఆడవాళ్లందరికీ ఉండేదేనని మా అమ్మ అంటుంది. మీరే చెప్పండి” అంది.

డాక్టరు అమ్మవైపు తిరిగి మెల్లగా చెప్పింది. “నెలసరిలో కాస్త నొప్పి మామూలేనండీ. మనిషి నేల మీద పడి, గుడ్డ కొరుక్కునేంత నొప్పి మాత్రం మామూలు కాదు. అది జబ్బే. అందరికీ ఉండదు.”

అమ్మ ఒళ్లో ఉన్న రెండు చేతులూ మెల్లగా పొట్ట మీదికి వెళ్లాయి.

“మరి నాకెందుకు ఉండేది?” అంది.