మైల గంట

ఆ వీధిలో అన్ని ఇళ్లలాగే కామేశ్వరమ్మగారి ఇంట్లోనూ మడి యంత్రం ఉంది. మాదిగ ఇంటి పిల్ల రూతు ప్రేమించి పెళ్లాడి ఆ ఇంటికి కోడలుగా వచ్చిన నాటి నుంచి, ఆమె ఏది ముట్టుకున్నా ఆ యంత్రం గంట కొట్టేది. పడగ్గదిలో మాత్రం మోగకుండా భర్త ఫణి ఆపించుకున్నాడు.

ఆ ఉదయం రూతు దాహమేసి వంటింటి బిందెలో గ్లాసు ముంచగానే గంట మోగింది. ఫణి ఆమె చెంప ఛెళ్లుమనిపించాడు. పెదవి చిట్లింది. గంట మోగింది.

"ఫణిగారికి మైల తగిలింది. స్నానం చేయాలి" అంది యంత్రం.

అత్తగారు పరుగెత్తుకొచ్చారు.

"నీ మొహం మండ, పూజ చేసే చేత్తో దాన్ని ముట్టుకుంటావుట్రా? ఈసారి కర్ర తీసుకో, మైలంటదు."

"పొరపాటైందమ్మా" అంటూ ఫణి ఆ చేతిని సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కున్నాడు.

రూతు ఆ నురగనే చూసింది. రాత్రి తన ఒంటిమీద పాకిన చెయ్యే అది. ఆమె తిన్నగా దేవుడి గదిలోకి వెళ్లి, రాగి చెంబెత్తి చెంప మీద నీళ్లు పోసుకుంది. గంట ఆగకుండా మోగుతోంది.

"ఓసి, చెంబు ముట్టుకున్నావేమే!"

"మీ అబ్బాయి నన్ను ముట్టుకున్నాడు అత్తయ్యా. మైల నాకు తగిలింది."

చెంబు అక్కడే పెట్టి, చెప్పులేసుకుని, రక్తం తుడుచుకోకుండానే పోలీస్ స్టేషన్ వైపు నడిచింది.