ముప్పై వెలిగిన గ్లాసు

మా బార్లో గ్లాసులదే పెత్తనం. వేళ్ళు తగలగానే గుండె చప్పుడు విని, ఆ పూటకి ఎన్ని మిల్లీలీటర్లు పొయ్యొచ్చో అంకె చూపిస్తాయి. అంతకు మించి చుక్క పోసినా గ్లాసుకి మూత పడిపోతుంది. పద్దెనిమిదేళ్ళ సర్వరు ఉద్యోగంలో గ్లాసుతో గొడవపడి గెలిచినవాణ్ణి నేను చూడలేదు.

లారీ ఆఫీసు గుమాస్తా పైడయ్య బాబాయ్‌కి ఏడాదిగా సున్నానే. తాగి తాగి గుండె లయ తప్పింది. అయినా రోజూ సాయంత్రం నడిచొచ్చి, గ్లాసు పట్టుకుని, సున్నా చూసి, ఉడికించిన శనగలు తిని, నడిచే ఇంటికి పోయేవాడు.

నిన్న ముప్పై వెలిగింది. బారంతా లేచి చప్పట్లు కొట్టింది. నేను సీసా మూత తీశాను.

బాబాయ్ గ్లాసుకి చెయ్యి అడ్డం పెట్టాడు. "పోస్తే రేపెంత చూపిస్తుందిరా?"

"తగ్గుతుంది. మళ్ళీ సున్నాకే రావొచ్చు."

"అయితే పొయ్యకు. మీ పిన్నికి చూపించాలి."

గ్లాసు బయటికి పంపకూడదు కాబట్టి పిన్నినే రమ్మన్నాం. ఆవిడ ముప్పై చూసి మురిసిపోయి, గ్లాసు తన చేతిలోకి తీసుకుంది. తొంభై వెలిగింది.

బాబాయ్ శనగల ప్లేటు పక్కకి తోసి, చెప్పులేసుకున్నాడు.

"పదవే, నడుద్దాం. ఇంకా అరవై వెనకబడి ఉన్నాను."